దంతాభివృద్ధి సంఘం

ముప్పై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో ధర్మవరం వీధుల్లో తప్పెట కొట్టి ఒక చాటింపు వేశారు. పెనుకొండ దంతరక్షణ సంఘం అధ్యక్షులు హనుమంతరాయుడుగారు ఏడు రోజుల్లో పంటి జబ్బన్నది లేకుండా చేయ సంకల్పించారనీ, జబ్బున్నవారు బేస్తవారం పది గంటల లోపల పెనుకొండ వచ్చి చెప్పుకోవాలనీ, పది దాటిన తరువాత ఎవరికీ పంటి జబ్బు ఉండడానికి వీల్లేదనీ దాని సారాంశం. ఆ కాలంలో ఇంత ఖచ్చితంగా పనిచేసే నాయకులు ఉండేవారు.

చాటింపు విని నిజంగా సంతోషించింది లక్ష్మీదేవమ్మ ఒక్కతే. ఆమె మూడో తరగతి దాకా చదివింది. భయపడడానికి ఆ చదువు చాలు.

కూతురు ఈశ్వరికి పదహారేళ్ళు. మగ్గం మీద పట్టుపోగు తెగితే ముడి వేసి, మిగిలిన కొనను ముందుపంటితో కొరికేస్తుంది. నేతవాళ్ళ ఇళ్ళలో ఎవరైనా చేసేదే. కత్తెర కోసం చెయ్యి చాచేలోపల ఇంకో పోగు తెగుతుంది. రెండు నెలలుగా ఈశ్వరి కింది వరుసలో ఆ పన్ను పొడుగ్గా కనబడుతున్నది. ఇటుకపొడితో తోముకుంటే ఉమ్మిలో ఎర్రచార. కుండలో నీళ్ళు తాగితే జివ్వుమంటున్నది.

"వయసుపిల్ల. పన్ను పెరుగుతాండాదిలే," అన్నది అత్త ఓబులమ్మ.

"పదహారేండ్లకు పన్ను పెరిగేదేంది అత్తా? నాకేమన్నా పెరిగిందా?"

"నీకు పన్ను పెరగల్యా. నాలిక పెరిగింది."

లక్ష్మీదేవమ్మ తనకు తెలిసిన పని చేసింది. మొదట్లోనే ఒక పట్టుపోగు తీసుకుని, పంటి కొన దగ్గర ఒక ముడి, చిగురు మొదలయ్యే చోట ఒక ముడి వేసి దాచింది. రెండు నెలల తరువాత అదే పోగుతో కొలిస్తే చిగురు దగ్గర వేసిన ముడి చాలలేదు. ఆవగింజంత అవతల ఇంకో ముడి వేయవలసి వచ్చింది. పంటి కొన మాత్రం పక్కపంటి కొనతో సమానంగానే ఉంది. అంటే పన్ను పైకి పెరగలేదు, చిగురే కిందికి జారింది. ముందు ఈ పన్ను, తరువాత పక్కది, ఉగాది నాటికి పిల్లకు ఓబులమ్మ బోసినోరు. లక్ష్మీదేవమ్మ అంతదాకా చూసేసింది.

బేస్తవారం కూతురిని తీసుకుని రైలెక్కి తొమ్మిది గంటలకే పెనుకొండ చేరింది. సంఘం గుమాస్తా పాపన్న ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"పండ్లు ఎన్ని ఉండాయి?"

"ముప్పై. చిగురు జారుతాండాదప్పా. రక్తం వస్తాండాది."

"చిగుర్లకు గడి లేదమ్మా. ఉండేవి, లేనివి. రెండే గడులు."

"ఊడేదానికి తయారుగా ఉండేవి?"

"ఊడినంక రా. లేనివాటిలో రాసుకుంటా."

"ఊడినంక డాక్టరు ఏం జేస్తాడప్పా? యాడుండాడు ఆయప్ప?"

"బెంగుళూరు నుంచి హిందూపురం సభకు వస్తాడు. ఈడ జబ్బు లేదని తేలినాకే గదా, లేదని చెప్పేదానికి డాక్టరు రావాల్సింది."

ఆ ఏర్పాటులో లోపమేమీ కనబడక లక్ష్మీదేవమ్మ కొంగుముడి విప్పి పోగు బయటికి తీసింది. సరిగ్గా అప్పుడే హనుమంతరాయుడుగారు అటు వచ్చారు.

"ఏమ్మా అది?"

"బిడ్డ పన్ను కొలత సామీ. ముందు ఇంత కనపడతాండె, ఇప్పుడింత."

గొప్పవారికి అవసరమైనంత వరకే వినే శక్తి ఉంటుంది. ఆయన అక్కడిదాకా విన్నారు.

"రెండు నెలల్లో ఇంత పెరిగిందా?"

"పెరగలేదు సామీ, చిగురు..."

"పాపన్నా, రాసుకో."

సాయంత్రానికి దంతరక్షణ సంఘం దంతాభివృద్ధి సంఘమయింది. లక్ష్మీదేవమ్మ పోగును సంఘం పరం చేసుకుని, వచ్చినవాళ్ళందరి పళ్ళూ దానితో కొలిచారు. ముసలివాళ్ళవి మరీ పొడుగ్గా తేలాయి. ఎక్కువకాలం అభివృద్ధి పొందారు కాబట్టి అది న్యాయమే. అందరికంటే పొడుగు పన్ను హనుమంతరాయుడుగారిదే. మాట్లాడుతున్నప్పుడు అది కొంచెం కదులుతున్నట్టు లక్ష్మీదేవమ్మ గమనించింది, ముఖ్యంగా 'ప్రజలు' అన్నప్పుడు.

"సామీ, తమది గూడా ఒకతూరి డాక్టరుకు చూపిచ్చుకుంటే..."

"నాది మొదటినుంచీ అభివృద్ధేనమ్మా," అన్నారాయన వినయంగా. "నీ బిడ్డను హిందూపురం సభకు పిల్చుకొని రా. వేదిక మీద కుర్చీ వేయిస్తాను."

డాక్టరు ఉండే చోటు గనుక ఆమె వెళ్ళింది.

హిందూపురం సభలో వేదిక మీద మూడు కుర్చీలు. ఒకటి అధ్యక్షులవారిది, ఒకటి బెంగుళూరు పంటి డాక్టరు దేవదాసుది, నడుమది ఈశ్వరిది. లక్ష్మీదేవమ్మ కింద కూర్చుని, కుర్చీ విరుగుతుందేమో, దిష్టి తగులుతుందేమో, ఇంతమంది ఎదుట పన్ను ఊడి ఒడిలో పడుతుందేమో అని మూడింటికీ వరుసగా భయపడుతున్నది. హనుమంతరాయుడుగారు రెండు గంటలు మాట్లాడారు. ఇతర జిల్లాల్లో పళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయని జాలిపడ్డారు. "చూపించమ్మా," అనగానే ఈశ్వరి పళ్ళు బయటపెట్టింది. జనం చప్పట్లు కొట్టారు. పక్కనున్న డాక్టరు వంగి చూసి, చప్పట్లు కొట్టడం మరిచిపోయాడు.

కొంతసేపటికి నీళ్ళు తాగే నెపంతో ఆయన కిందికి దిగి వచ్చాడు.

"తల్లివి నువ్వేనా? రక్తం ఎన్ని దినాల నుంచి?"

"రెండు నెలలు. పీకుతారా సామీ?"

"పీకను. పన్ను ఇంకా కదల్లేదు. రక్తం కనపడినప్పుడే రావల్ల, కదిలేదాకా కూర్చుంటే నా చేతిలో ఏముంటాది? పంటి మొదట్లో గార పట్టి రాయి అయిపోయింది. గీకాల. ఇటుకపొడి పారెయ్యి. పోగు పంటితో కొరకనీయకు. జారిన చిగురు మళ్ళీ పైకి రాదు, ఇంక జారకుండా నిలుస్తాది."

"ఎప్పుడు గీకుతారు?"

"నాలుగింటికి నా రైలు. స్టేషన్లో అయితే గీకగలను. సామాను సంచిలోనే ఉండాది."

అప్పుడు మూడున్నర. వేదిక మీద ఈశ్వరికి వేయవలసిన పూలదండ విప్పుతున్నారు. లక్ష్మీదేవమ్మకు పోలీసులంటే భయం, పెద్దమనుషులంటే భయం, రైలుకూత అన్నా భయమే. ఆమె వేదిక వెనకకు వెళ్ళి, కూతురి చెయ్యి పట్టుకుని కిందికి దించి, నేరుగా స్టేషన్ దారి పట్టింది. దండను ఖాళీ కుర్చీకి వేశారు. చప్పట్లు ఏమీ తగ్గలేదు.

స్టేషన్ బెంచీ మీద డాక్టరు గార గీకుతుంటే లక్ష్మీదేవమ్మ ఒక కన్ను మూసుకుని చూసింది.

రెండు నెలల తరువాత పాపన్న ధర్మవరం వచ్చాడు. అతని చేతిలో ముద్రవేసిన కాగితంలో ఆ పోగే ఉంది. ఈశ్వరి కత్తెర కిందపెట్టి నోరు తెరిచింది. పాపన్న ఒకసారి కొలిచాడు, మళ్ళీ కొలిచాడు. చిగురు చివరి ముడి దగ్గరే ఉంది.

"ఒక పోగంత గూడా పెరగలేదే. ఏం జేసినావమ్మా?"

"డాక్టరుకు చూపించినా."

పాపన్న ఫారంలో చదువుతూ రాశాడు: "అభివృద్ధి ఆగిపోయినది. బాధ్యత తల్లిది." కాగితం ఆమె ముందుకు తోశాడు. "చేవ్రాలు పెట్టు."

అధికారుల కాగితం మీద భయం లేకుండా లక్ష్మీదేవమ్మ సంతకం చేయడం అదే మొదలు.

"అధ్యక్షులవారిది ఎంత పెరిగిందప్పా?" అని అడిగింది.

"ఆయప్పది పూర్తిగా పెరిగి బయటికొచ్చింది. ఆఫీసులో గాజుసీసాలో పెట్టినాము. ఇప్పుడు దాని పక్కది పెరుగుతాండాది."

పాపన్న ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కానీ లేవలేదు. వీధి అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరికి వేసి, పోగు ఆమె చేతికిచ్చి, మగ్గం గుంట అంచున కూర్చుని నోరు తెరిచాడు.