ఎక్స్‌రే తగిలిన ఎర్రగడ్డలు

ఆ ఆదివారం పొద్దున ఆదినారాయణ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. తిరుపతి నుంచి ప్రొఫెసరుగారు పదకొండు గంటల బస్సుకు ప్రొద్దుటూరు వస్తారు. ఉల్లిగడ్డల, అంటే ఆ ఊరి ఎర్రగడ్డల, వేళ్ళు తన చేత్తోనే కోసి, మైక్రోస్కోపులో చూసి, తల ఊపుతారు. ఆ తల ఊగితే కాలేజీ లెక్చరరు ఆదినారాయణ, డాక్టర్ ఆదినారాయణ అవుతాడు.

ఇంతకీ పరిశోధన ఏమిటంటే, జీవకణం నడుమ క్రోమాటిన్ అనే సన్నటి దారాలుంటాయి. డి.ఎన్.ఏ. ఉండేది వాటిలోనే. ఎక్స్‌రే కిరణాలు తగిలితే అవి తెగుతాయి. తెగినవి మళ్ళీ అతుక్కుంటాయా? మగ్గాల ఊళ్ళో పుట్టినవాడికి ఈ సందేహం రావడంలో వింతేముంది! పక్కింటి కమాల్ బాషా ఒక డాక్టరు దగ్గర ఎక్స్‌రే మిషను చూసుకుంటాడు. నాలుగు నెలలుగా వారానికోసారి గడ్డల సంచి అతనికివ్వడం, సాయంత్రం తెచ్చుకుని గాజుగ్లాసుల్లో నీళ్ళమీద పెట్టి వేళ్ళు మొలిపించడం. కిరణాలు తగిలిన గడ్డకూ, పక్కవరసలో తగలని గడ్డకూ వెంట్రుకవాసి తేడా కనిపించలేదు. అంటే తెగినవన్నీ అతుక్కుపోయాయన్నమాట! ఆదినారాయణ పొంగిపోయి నలభై పేజీలు రాశాడు.

స్నానం చేసి వచ్చి చూస్తే, కిటికీలో కిరణాలు తగిలిన గడ్డలుండే ముందువరస గ్లాసుల్లో నీళ్ళే ఉన్నాయి.

"పెంచలా! ఈడ ఎర్రగడ్డలు యాడ?"

"నిన్న రంజాన్‌కు ఖమ్రున్నీసా సేమ్యా పంపిచ్చింది గదా. గిన్నె ఖాళీగా ఎట్ల పంపేది? ఇంట్లో ఇంకేం లేకపాయ. వేర్లు తుంచేసి అవే ఏసి పంపిస్తి," అంది భార్య పెంచలమ్మ పక్కింటివైపు చూపిస్తూ.

"అయ్యో, నా కొంప ముంచితివే! పోయి తీసకరాపో!"

"ఇచ్చింది మళ్ళా అడుక్కోవల్లా? నాకు సిగ్గుల్యా? కావాలంటే నువ్వే పో."

ఆదినారాయణ పక్కింటి గడపదాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చాడు. మూడోసారి లోపలికి వెళ్ళేసరికి జమ్మలమడుగు నుంచి వచ్చిన చుట్టాలంతా వరసగా కూర్చుని పలావు తింటున్నారు.

"రాండి సార్, కూచోండి," అంది కమాల్ బాషా భార్య ఖమ్రున్నీసా.

"ఏం లేదమ్మా... ఆ ఎర్రగడ్డలు... ఒకటన్నా మిగిలిందా?"

తినే చేతులన్నీ పళ్ళాల్లో ఆగిపోయాయి. ఖమ్రున్నీసా ముఖం చిన్నబోయింది. "ఎర్రగడ్డల కోసరం వచ్చినారా సార్? అన్నీ వేయించి పలావులో ఏసేస్తినే."

ఆదినారాయణకు చెవులదాకా సిగ్గు పాకింది. పరువు నిలుపుకోబోయి, ఉన్న పరువు కాస్తా పోగొట్టుకున్నాడు. "పిసినారితనం గాదమ్మా! అవి ఎక్స్‌రే పెట్టిన గడ్డలు!"

"తింటే ఏమైతాది?"

"ఏమీ గాదు! గడ్డ లోపల దారాలు తెగుతాయి, అంతే!"

కమాల్ బాషా తల్లి ఖమర్‌బీ పొట్ట పట్టుకుంది. "యా అల్లా! నా పేగులు తెగుతాండాయి!"

"పేగులు తెగవమ్మా! గడ్డల్లో తెగినవైనా మళ్ళా అతుక్కుంటాయి! నలభై పేజీలు రాసినా!"

ఎవరూ వినలేదు. ఒకాయన ఆస్పత్రికి జట్కా పిలవడానికి పరుగెత్తాడు. వీధి వీధంతా గుమ్మంలోకి వచ్చింది. "లెక్చరరు ఏందో పెట్టినాడంటప్పా!" అని ఎవరో అరిచారు. ఆ మాట విన్నవాళ్ళలో చేతిసంచితో, గొడుగుతో నిలబడ్డ ప్రొఫెసరుగారు కూడా ఉన్నారు.

పెరటి తలుపు దగ్గర నీళ్ళబిందెతో కమాల్ బాషా బిగుసుకుపోయాడు. తల్లి ఏడుపు చూడలేక బిందె దించాడు.

"అమ్మా, ఏడ్వాకు. ఆ గడ్డలకు ఏ ఎక్స్‌రే తగల్లేదు."

అతను ఆదినారాయణవైపు తిరిగాడు.

"మనుషుల మిషన్లో ఎర్రగడ్డలు పెడితే డాక్టరు నన్ను తరిమేస్తాడు సార్. మీకు కాదని చెప్పేదానికి మొగమాటమైపాయ. సంచి బల్లకింద పెట్టి, సాయంత్రం తెచ్చి ఇస్తాంటి."

"నాలుగు నెల్లా?"

"ప్రతిసారీ సార్." కమాల్ బాషా తల ఎత్తలేదు.

ఖమర్‌బీ కడుపునొప్పి అక్కడికక్కడే తగ్గి, ఇంకో గరిటె పలావు పెట్టమంది. భూమి చీలితే బాగుండునని ఆదినారాయణ కాళ్ళవైపు చూసుకున్నాడు. అది చీలలేదు. ఎవరో ప్రొఫెసరుగారిని కూర్చోబెట్టి పళ్ళెం పెట్టారు. ఆయన నిదానంగా తిని, చెయ్యి కడుక్కున్నారు.

"కిరణాలు తగిలిన గడ్డకూ, తగలని గడ్డకూ తేడా లేదని రాశావు కదూ?"

"అవునండీ," అన్నాడు ఆదినారాయణ.

"ఎక్కడా తేడా లేదు, నిజమే. ఆ వాక్యం ఉంచు. తక్కినదంతా కొట్టెయ్."

సాయంత్రం అదే గిన్నెలో పలావు వచ్చింది. గిన్నె ఖాళీగా పంపకూడదు కాబట్టి, కిటికీలో మిగిలిన రెండోవరస గడ్డల్ని ఈసారి ఆదినారాయణే వేళ్ళు తుంచి వేశాడు.