కంప్యూటర్ చెప్పిన పథ్యం

ఆ ఉదయం ప్రేమయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు సెలవు పెట్టి, శంషాబాద్‌లో బస్సెక్కి, రాజేంద్రనగర్‌లో కొత్తగా తెరిచిన ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి, తనేం తినాలో కంప్యూటర్‌ను అడిగి రావడం. "నెలలో షుగర్ దిగకపోతే రోజూ సూది తప్పదు" అని డాక్టర్ అన్నప్పటి నుంచి ఆయనకు కంటి మీద కునుకు లేదు. సూదంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు టీకాలవాళ్లు వస్తే గడ్డివాములో దూరేవాడు. ఇప్పుడు దూరుదామన్నా పొట్ట పట్టదు.

సెంటర్ నడిపే అరుణ్‌కుమార్ వయసు, ఎత్తు, బరువు అడిగి టైపు చేశాడు. బరువు చెప్పేటప్పుడు ప్రేమయ్య కొంచెం మొహమాటపడి కొంత తగ్గించాడు. ఆ పేజీ తెరుచుకునేలోపు ఎదురు హోటల్లో మిర్చిబజ్జీలు తిని వచ్చాడు. పథ్యం ఇంకా మొదలు కాలేదు కాబట్టి అవి లెక్కలోకి రావని ఆయన గట్టి నమ్మకం.

కంప్యూటర్ ఏ దేశం నుంచి చెప్పిందో గానీ, కాగితం నిండా ఓట్స్, బ్రోకలీ, సాల్మన్ చేప. ప్రేమయ్య కూరగాయల లింగమ్మ దగ్గరకు వెళ్లి, బ్రోకలీ అంటే ఆకుపచ్చగా ఉండే గోబీ అని వివరించాడు.

"గోబీ పచ్చగైతే నేను బర్రెకేస్త సారూ" అంది లింగమ్మ.

దొరకనివన్నీ కొట్టేస్తే చివరికి మిగిలినవి కీరదోసకాయ, ఉడకబెట్టిన క్యాబేజీ, మంచినీళ్లు. ప్రేమయ్య వాటితోనే పథ్యం మొదలుపెట్టాడు.

ఆదివారం చర్చిలో భార్య యేసుమణి ఆడవాళ్ల దగ్గర వాపోయింది. "మా ఆయన అన్నం ముడుతలేడక్కా. నీళ్లు తాగి లేస్తున్నడు."

ఆ సంఘంలో మనిషి అన్నం మానాడంటే ఉపవాస ప్రార్థనలో ఉన్నాడని అర్థం. ఎందుకని ఎవరూ అడగరు, అడగడం మర్యాద కాదు. సంఘపెద్ద కాలేబు మాత్రం కారణం తనే ఊహించుకున్నాడు. చర్చి వెనక వేయించబోతున్న బోరు కోసమే ప్రేమయ్య ఇంత కష్టపడుతున్నాడని కన్నీళ్లు పెట్టుకున్నాడు. తనూ ఉపవాసం పట్టాడు.

మర్నాడే బోరులో నీళ్లు పడ్డాయి.

"ఉపవాసం గాదన్నా, పథ్యం!" అన్నాడు ప్రేమయ్య.

"గట్లనే అనాలె తమ్మీ. చెప్పుకుంటే ఫలం పోతది" అని కాలేబు ఆయన చేతులు కళ్లకద్దుకున్నాడు.

ప్రేమయ్య కాదన్నకొద్దీ వినయమనుకున్నారు. నిజం చెప్పాలంటే ఆయన మరీ గట్టిగా కాదనలేదు కూడా. ఇన్నేళ్లలో చర్చిలో ఎవరూ ఆయనను చాప పరవమని కూడా అడగలేదు. ఇప్పుడు ముందు వరసలో కుర్చీ వేస్తున్నారు. కుర్చీ మెత్తగా ఉంది.

ఇక ఇంటింటికీ ప్రార్థనకు పిలుపులే. తొండుపల్లిలో బర్రె పాలివ్వడం లేదని ఒకరు, మహేశ్వరంలో పొలం తగాదా తెగడం లేదని ఒకరు. ప్రార్థన అయ్యాక, ఉపవాసమున్న మనిషి ఆ ఇంట్లోనే ఉపవాసం విడవాలి. విడవకపోతే ఆ ఇంటిని చిన్నబుచ్చినట్టు. మొదటిరోజు ప్రేమయ్య క్యాబేజీ అడిగాడు.

"పొద్దంత కడుపు మాడ్చుకున్నవ్, ఆకులు పెట్టి పంపుతమా?" అంటూ ఆ ఇల్లాలు బగారన్నం, కోడికూర వడ్డించింది. మర్నాడు మరో ఇంట్లో మటన్, సేమియా పాయసం. నిన్నటి ఇంటికంటే తక్కువ చేస్తే మాట వస్తుందని ఒక ఇంటిని మించి మరో ఇల్లు వడ్డించింది. పగలు కంప్యూటర్ పథ్యం, సాయంత్రం సంఘం పథ్యం. రెండింటినీ ప్రేమయ్య నిష్ఠగా పాటించాడు. వెంట వచ్చే కాలేబు మాత్రం పిలుపు తనకు కాదని, ప్రార్థన కాగానే ముద్ద ముట్టకుండా ఇంటికెళ్లి కాస్త జొన్న గట్క తాగి పడుకునేవాడు.

నెల తిరిగింది. దవాఖానకు కాలేబు కూడా తోడు వచ్చాడు. రక్తపరీక్ష చూసి డాక్టర్ కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"షుగర్ రెట్టింపైంది. ఏం తింటున్నవయ్యా?"

"ఏం తింటడు సార్! నెల సంది ఉపాసం" అన్నాడు కాలేబు గర్వంగా.

డాక్టర్ ముఖం మారిపోయింది. "తినకుంటనే ఇంతనా? ఇదేదో పెద్ద రోగం. ఇయ్యాలే సిటీకి పంపుత. అక్కడ వెన్నులకెల్లి నీరు తీసి చూస్తరు."

"దేంతోని తీస్తరు సార్?"

"సూదితోని."

ప్రేమయ్య ఇక ఆగలేదు. బగారన్నం నుంచి సేమియా పాయసం దాకా, ఇంటి పేర్లతో సహా అన్నీ కక్కేశాడు. "ఉపాసం గాదన్నా. కంప్యూటర్ల చూసి పథ్యం పట్టిన. నువ్వు నమ్మినవని ఊకున్న. తప్పయింది, మాఫ్ చెయ్యి" అని తల దించుకున్నాడు. సిగ్గుతో నిజంగానే ఏడుపొచ్చింది.

కాలేబు కుర్చీలో కూలబడ్డాడు. డాక్టర్ ఆయన చెయ్యి అందుకుని, "నీకూ పాత షుగర్ ఉండె గదా, పట్టు" అని పరీక్ష చేయించాడు. షుగర్ పూర్తిగా అదుపులోకి వచ్చింది. మాత్రలు సగానికి తగ్గించమన్నాడు.

కాలేబు లేచి ప్రేమయ్యను గట్టిగా కావలించుకున్నాడు. "నువ్వు ఉపాసం లేకపోతేంది తమ్మీ, నన్నైతే ఉంచినవ్! రేపు సాయంత్రం మా ఇంట్ల కృతజ్ఞత కూడిక. పొట్టేలును కోస్తున్న. నువ్వు రాకపోతే ముద్ద ముట్ట."

ప్రేమయ్య వెళ్లాడు, షుగర్ సూది వేయించుకునే వెళ్లాడు.