గోడ కూల్చిన బొటనవేలు

"బుల్డోజరు వచ్చేసింది మేడమ్!" ఫ్యాక్టరీ దగ్గర్నుంచి ఫోన్లో అరిచాడు గుమాస్తా. "నేను గోడకి అడ్డంగా నిలబడ్డాను. పంపుల ఆయన నా చేతిలో కూల్‌డ్రింకు పెట్టి, నీడలో కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు."

చిన్న లాయరమ్మ కుర్చీలోంచి లేచింది. ఆ గోడ ఒక పంపుల ఫ్యాక్టరీకీ, దాని పక్కనే ఉన్న అట్టపెట్టెల ఫ్యాక్టరీకీ మధ్య ఉంది. అది ఎవరిదో తేలేదాకా ఎవరూ ముట్టుకోకూడదని కోర్టు స్టే ఇచ్చింది. గోడ పడితే పంపుల ఆయన జైలుకి, ఆయన కేసు చూస్తున్న తాను ఇంటికి.

"అసలు కూల్చమన్నదెవరు?"

"మనమేనట మేడమ్. పొద్దున్నే గ్రూపులో అడిగితే మన ఆఫీసు నుంచి బొటనవేలు వచ్చిందట."

ఒకప్పుడు ఆ లాయర్ల ఆఫీసులో సలహా అంటే నలభై పేజీలు. దానికోసం క్లయింట్లు వరండా బెంచీ మీద పూటలకు పూటలు పడిగాపులు పడేవారు. ఊరి చుట్టూ ఫ్యాక్టరీలు పుట్టుకొచ్చాక బెంచీ మీద కూర్చునే తీరిక ఎవరికీ లేకపోయింది. ఒక్కొక్కరే జారుకుంటుంటే పెద్దాయన హడలిపోయాడు. ఆఫీసు యజమాని ఆయనే, చిన్న లాయరమ్మకు స్వయానా మేనమామ. బెంచీ తీయించేసి, హాల్లో ఒక పెద్ద తెర పెట్టించాడు.

అప్పటినుంచి ప్రతి క్లయింటుకూ ఫోన్లో ఒక గ్రూపు. ప్రశ్న రాగానే ఎవరో ఒకరు జవాబివ్వాలి. ఆలస్యమైతే తెర ఎర్రబడి కుయ్యోమంటుంది. 'సరే, కానివ్వండి' అనడానికి బొటనవేలు బొమ్మ నొక్కితే చాలు. నొక్కింది ఎవరైనా గ్రూపులో అందరికీ కనిపించేది ఆఫీసు పేరే; నొక్కిందెవరో తెరకే తెలుసు. సాయంత్రం ఆఫీసు కట్టేసే ముందు, ఆ రోజు అందరికన్నా వేగంగా జవాబిచ్చిన లాయరు పేరును తెర గట్టిగా చదివి వినిపిస్తుంది. అందరూ లేచి చప్పట్లు కొట్టాలి. అది పెద్దాయన పెట్టిన నియమం.

పంపుల ఆయన ఫోనెత్తలేదు. 'ఆపండి! గోడ ముట్టుకోవద్దు!' అని ఆమె గ్రూపులో పెట్టింది. అదే క్షణంలో ఆయన బుల్డోజరు ఫోటో పెట్టాడు. తెర ఎర్రబడబోయింది. హాల్లో ఉన్న లాయర్లు తలెత్తకుండానే తలా ఒక బొటనవేలు నొక్కారు. ఆమె హెచ్చరిక వేళ్ల గుంపు కింద కనబడకుండా పోయింది.

పంపుల ఆయన జవాబు వెంటనే వచ్చింది. 'ఇంతమంది ధైర్యం చెప్తుంటే ఇంకా ఆలోచనేంటి! గేటు కూడా పీకించేస్తున్నా.'

ఇంకో రెండు వేళ్లు లేచాయి.

"ఫోన్లు కింద పెట్టండి! ఎవరూ దేన్నీ నొక్కొద్దు!" ఆమె అరిచింది. అందరూ ఫోన్లు కింద పెట్టారు. జవాబు లేక తెర కుయ్యోమంది. ఆ అరుపుకి ఉలిక్కిపడి ఒక లాయరు మళ్లీ నొక్కేశాడు.

పెద్దాయన గదిలోంచి బయటికొచ్చాడు. చెవి పక్కన పొద్దుటి గడ్డం సబ్బు ఎండిపోయి ఇంకా అలాగే ఉంది. "ఏంటా గోల?"

"మామయ్యా, గోడ..."

"ఆఫీసులో మామయ్యెవరు?"

"సార్, స్టే ఉన్న గోడ కూల్చేస్తున్నారు. మనమే సరే అన్నామట."

"జడ్జిగారు నన్ను నిలబెట్టి కడిగేస్తారే! ఆ గ్రూపు చూసేది నువ్వు. నొక్కిందీ నువ్వే."

"నేనప్పుడు బస్సులో వేలాడుతున్నాను సార్. రెండు చేతులూ పైనే ఉన్నాయి."

"సాయంత్రంలోగా ఎవరో తేల్చు. లేదా రాజీనామా రాసి నా బల్ల మీద పెట్టు. మీ అమ్మకి నేను చెప్పుకుంటాను."

అప్పుడే గుమాస్తా మళ్లీ ఫోన్ చేశాడు. "పడిపోయింది మేడమ్. అట్టపెట్టెల ఆవిడ కేసేస్తానంటోంది. వేయమంటారా అని వాళ్ల లాయర్లనడిగితే బొటనవేలు వచ్చిందట."

"ఎవరా లాయర్లు?"

గుమాస్తా గొంతు తగ్గించాడు. "అదీ మనమే మేడమ్."

గత వారమే పెద్దాయన పక్కవీధి లాయరు ఆఫీసును క్లయింట్లతో సహా కలిపేసుకున్నాడు. ఎవరికి ఎవరితో తగాదా ఉందో చూసే తీరిక ఎవరికీ దొరకలేదు.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో ఎవరూ క్యారియరు విప్పలేదు. లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా పోలీసులేమోనని అందరూ అటే చూస్తున్నారు. చిన్న లాయరమ్మ రాజీనామా రాసింది.

సాయంత్రం లిఫ్టులోంచి పోలీసులు దిగలేదు. పంపుల ఆయనా, అట్టపెట్టెల ఆవిడా కలిసి దిగారు. అది చూసి లాయర్లు ఇంకా ఎక్కువ భయపడ్డారు.

"గోడ పడ్డాక చూస్తే రెండు లారీలు ఒకేసారి తిరుగుతున్నాయండీ," అన్నాడు పంపుల ఆయన. "ఇన్నాళ్లూ దీనికోసమా కొట్టుకు చచ్చాం అనిపించింది."

"అనిపించింది నాకు," అంది ఆవిడ. "ఈయనకి నేను చెప్పాను. సరే, రాజీ పడుతున్నాం. జడ్జిగారి దగ్గర ఇద్దరం కలిసి చీవాట్లు తింటాం. కానీ చదవకుండా మొదటి వేలు నొక్కిన మహానుభావులెవరో ఇప్పుడే మా ముందు పేరు చెప్పండి. వాళ్లు ఇక మా కాగితం ముట్టుకోకూడదు. చెప్పకపోతే ఇద్దరం కలిసి మీ మీదే కేసు వేస్తాం."

"ఈసారి లాయర్ని బయట చూసుకున్నాం," అన్నాడు పంపుల ఆయన.

పెద్దాయన క్షణం ఆలోచించలేదు. మేనకోడలి వైపు వేలు చాపాడు. "ఇదిగో, ఈ అమ్మాయే..."

చిన్న లాయరమ్మ కాగితం పట్టుకుని లేచింది. "మామయ్యా, నేను కాదు..."

తెర టింగుమంది. ఆఫీసు కట్టేసే వేళైంది.

"ఈ రోజు అతివేగపు జవాబు," అంది తెరలోని తీయని గొంతు. "పంపుల క్లయింటు ప్రశ్న: 'కొత్త ఆర్డరు లారీలు లోపలికి రావట్లేదు, అడ్డంగా ఉన్న గోడ కూల్చేయమంటారా?' జవాబు, రెండు సెకన్లలో."

పెద్దాయన చాపిన వేలు గాల్లోనే ఉండిపోయింది. రెండో చెయ్యి తనంతట తనే చెవి పక్క సబ్బు మీదికి వెళ్లింది.

"విజేత, మన పెద్ద లాయరు గారు!"

నియమం నియమమే కాబట్టి అందరూ లేచి చప్పట్లు కొట్టారు.