మోకాలు మార్చేద్దాం రండి!

పాత మోకాలిని పట్టుకుని వేలాడేవాళ్లంత వెనకబడిన జనం లోకంలో ఇంకెవరూ లేరని ఘంటాపథంగా చెబుతున్నాను! ఫోను మారుస్తాం, సోఫా మారుస్తాం, అభిప్రాయాలైతే పూటకోసారి మారుస్తాం. పుట్టుకతో వచ్చిన మోకాలు మాత్రం కడదాకా అదేనా? అప్‌గ్రేడ్ అక్కర్లేదా?

నా అభ్యుదయానికి అడ్డుపడింది మా చెల్లెలే. ఇంట్లో అందరం దాన్ని స్ప్రింగు అంటాం. ఆడపిల్లల బడిలో వాలీబాల్ కోచ్. నలభై దాటినా నెట్ దగ్గర పిల్లలకంటే ఎత్తు ఎగిరేది. ఎగిరితే ఎగిరింది, ఒకరోజు దిగడం వంకరగా దిగింది. నెలలు గడిచినా మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవడమే.

నేనే దగ్గరుండి అద్దాల ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఏం ఆసుపత్రండీ! రిసెప్షన్‌లో జలపాతం, లిఫ్టులో సంగీతం! పెద్ద సర్జన్‌గారు ఎక్స్‌రే చూశారు. మోకాలు ముట్టుకోనేలేదు. తీసేసేదాన్ని ముట్టుకోవడం దేనికి?

"మార్చేద్దామమ్మా," అన్నారు, బల్బు సంగతి చెప్పినంత తేలిగ్గా.

"మళ్లీ ఎగరొచ్చా డాక్టర్‌గారూ?"

"ఈ వయసులో ఎగరడమెందుకమ్మా? హాయిగా నడవండి."

"కొత్తది ఎన్నాళ్లొస్తుంది?"

"పదిహేను, ఇరవయ్యేళ్లు. తర్వాత మళ్లీ మారుద్దాం. రెండోసారి కాస్త కష్టమనుకోండి."

విన్నారా? ఒక ఆపరేషన్‌తోనే ఇంకోదానికి అడ్వాన్స్ బుకింగ్! ఈ సదుపాయం సినిమా హాల్లో కూడా లేదే!

కృతజ్ఞత లేని మా చెల్లెలు కారెక్కి ఏడ్చింది. "ఎగరొద్దంటే పిల్లలకి నేనేం నేర్పాలి అన్నయ్యా? కూర్చోవడమా?"

మర్నాడు నన్ను మందుల షాపు మేడమీదున్న డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. జలపాతం లేదు సరికదా, ఫ్యాను కూడా మనసైతేనే తిరుగుతుంది. ఆవిడ చేసిన పని చూసి నాకు మతిపోయింది. మోకాలు పట్టుకుని చూసింది! వంచింది, తిప్పింది, నడిపించింది. ఇంత నిదానమైతే వైద్యం ముందుకెళ్లేదెలా?

"మా అత్తగారు డెబ్బయ్యో ఏట మార్పించుకుని నిక్షేపంగా తిరుగుతున్నారండీ!" అని వాదించాను.

"ఆవిడది పూర్తిగా అరిగుంటుంది, మార్చడమే మంచిది," అంది డాక్టరమ్మ. "ఈవిడకి లోపలివైపు కొంచెమే అరిగింది. కాలు వంకరగా ఉండి బరువంతా అక్కడే పడుతోంది. ఎముక కోసి వాలు సరిచేద్దాం. తన మోకాలు తనకే ఉంటుంది. కాకపోతే తర్వాత నెలల తరబడి కసరత్తు. ఓపికుందా అమ్మా?"

"ఉంది," అనేసింది చెల్లెలు, నేను నోరు తెరిచేలోపే.

ఓపికట! ఆ మాట ఈ మధ్య ఎవరి నోటైనా విన్నారా?

ఆపరేషనయ్యాక మా హాలు వ్యాయామశాలైపోయింది. చెల్లెలు గోడకి వీపు ఆనించి, పళ్లు బిగపట్టి, కాలు లేపేది. నొప్పి పుట్టినప్పుడల్లా ఎవరో ఒకరిని తిట్టేది. దగ్గర్లో ఎప్పుడూ నేనే ఉండేవాణ్ని.

ఏడాది తిరిగాక ఓ సాయంత్రం మళ్లీ నెట్ దగ్గర ఎగిరింది. మునుపటంత ఎత్తు కాదు. అయినా పిల్లలు కేకలు పెట్టారు. నా కంట్లో దుమ్ము పడింది. ఆ గ్రౌండ్‌లో దుమ్మెక్కువ లెండి.

నా సిద్ధాంతం మాత్రం చెక్కుచెదరలేదు. మోకాళ్లు మార్చాల్సిందే! పోయిన వారం స్నానాలగదిలో కాలు జారేదాకా ఇదే మాట మీదున్నాను.

మోకాలు బూరెలా ఉబ్బింది. మా ఆవిడ రెండు చోట్లకీ ఫోన్ చేసింది. "అద్దాల ఆసుపత్రివాళ్లు ఇవాళ మధ్యాహ్నమే రమ్మంటున్నారండీ! డాక్టరమ్మగారి దగ్గరైతే ఇప్పుడు రద్దీ ఎక్కువట, నాలుగు వారాలు ఆగాలట. ఏం చేద్దాం?"

రెండు చేతులతో మోకాలిని గట్టిగా పట్టుకున్నాను.

"డాక్టరమ్మకే చెప్పు," అన్నాను. "నాలుగు వారాలు ఆగితే అరిగిపోతానా?"