బోర్డుకెక్కిన రాక్షసుడు

ఆ పొద్దున సంసోను లేచిందే కోపంతో. బూర్గంపాడుకు మూడు మైళ్ళ దూరాన ఉన్న ఆ ఊరి శాఖా గ్రంథాలయానికి పదకొండేళ్ళుగా అతనే గ్రంథపాలకుడు. సభ్యులు నలభై ఆరుగురు. నెలాఖరుకు యాభై మంది కాకపోతే గదికి తాళం వేసి, పుస్తకాలన్నీ గోదావరి దాటించి భద్రాచలం చేరుస్తామని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఇంకా వారమే ఉంది.

సంసోను ప్రాణమంతా ఒక్క బీరువాలో ఉండేది. అందులో రెండు వందల జానపద నవలలు. ఎవరికి ఇవ్వబోయినా "గివి పోరగాళ్లు చదివేటివి" అని పేపరు లాక్కుని కూర్చునేవారు. జాతకాలు నమ్మే మనుషులు, దిష్టికి గుమ్మడికాయ కట్టే మనుషులు, నవల్లో ఒక మాంత్రికుడు కనబడితే మాత్రం మూతి విరుస్తారేమని అతనికి ఒళ్ళు మండేది.

అందుకే ఆ రోజు గుమ్మం పక్కనున్న నల్లబోర్డు కడిగి, పైన "పెద్దలు తప్పక చదవవలసిన జానపద నవలలు" అని సుద్దతో రాశాడు. కింద పేర్లు రాయలేదు. ఒక్కో నవల కథ ఒక్క వాక్యంలో రాశాడు. పేరు కావాలంటే లోపలికొచ్చి అడుగుతారని ఎత్తు.

"ఏటి ఒడ్డు పొలాలన్నీ మింగిన మూడు తలల రాక్షసుడు. ఏ రోగమైనా ఒకే కషాయంతో కుదురుస్తానని రాజ్యాన్ని ముంచిన మాయావైద్యుడు. మొగుణ్ని చిలకను చేసి పంజరంలో పెట్టిన మంత్రగత్తె."

అతను లోపల బీరువా దులుపుకుంటూ ఉండగా పంచాయతీ బంట్రోతు దూలయ్య వచ్చాడు. వరదనీళ్ళు కాచి తాగమనే నోటీసును, ఎక్కడ గోడ కనబడితే అక్కడ అంటించే అలవాటు కొద్దీ, బోర్డు పై వరస మీద అంటించి పోయాడు. అంటించిన మైదాపిండి వాసనకు ఒక మేక వచ్చి నోటీసు కింది సగం తినేసింది. మిగిలింది "గ్రామ ప్రజలకు హెచ్చరిక" అన్న పెద్దక్షరాలు, వాటి కింద సంసోను రాసిన మూడు వాక్యాలు.

మొదట వెంకటరామారావు వచ్చాడు. తెనాలి వైపు నుంచి వలస వచ్చి ఏటి ఒడ్డున వంద ఎకరాలు సంపాదించిన ముగ్గురు అన్నదమ్ముల్లో పెద్దవాడు.

"ఏవయ్యా సంసోనూ, ఒక తల నాదనుకో. మిగతా రెండూ మా తమ్ముళ్లవేనా?"

సంసోనుకు ఏమీ అర్థం కాలేదు. "మూడు తలలూ ఒక్కరివేనండి," అన్నాడు.

"అంటే మొత్తం నేనే మింగానంటావు."

అంతలో సూదిమందుల పెట్టెతో సహా బసవపున్నయ్య డాక్టరు దిగాడు. "పొద్దుగాల్నుంచి నా దవాఖానాకు ఒక్కడు రాలే. నేను కషాయం ఇయ్య, సూది ఏస్త. గదన్న సరిగ్గ రాయాలె గద," అన్నాడు.

అతని వెనకే మొగుణ్ని వెంటబెట్టుకుని టీచరు ప్రమీలారాణి. "ఈయన్ని నేను ఏ పంజరంల పెట్టిన్నో ఈయన్నే అడుగు," అంది. ఆయన నోరు తెరవబోయాడు. "మీరుండండి," అంది.

సంసోను బయటికొచ్చి బోర్డు చూశాడు. నోటీసు పీకితే దాని అడుగునున్న పై వరస సుద్ద అక్షరాలూ దాంతోపాటే ఊడొచ్చాయి.

"అయ్యన్నీ నవలలండి. లోపల పుస్తకాలున్నయ్."

"అయితే ఇవ్వు. ఇంటికి పట్టుకెళ్ళి ప్రతి పేజీ చూస్తా. నా ఊసు కనబడిందో, పై ఆఫీసుకు అర్జీ పెట్టి నీ గదికి నేనే తాళం వేయిస్తా," అన్నాడు వెంకటరామారావు.

పదకొండేళ్ళ కోపం ఒక్కసారి పొంగింది. "సభ్యులు కానోళ్లకు పుస్తకం ఇంటికియ్య. ముందు కార్డు మీద సంతకం పెట్టున్రి, ఎన్క తగాదా పెట్టుకోన్రి," అన్నాడు సంసోను.

ఆ ఊపులోనే ముగ్గురూ సంతకాలు గీకేశారు. నలభై తొమ్మిది.

రెండు రోజులకు వెంకటరామారావు మళ్ళీ మండిపడుతూ వచ్చాడు. రాక్షసుడితో తనకు సంబంధం లేదని తేలింది. రెండో భాగం బీరువాలో లేనందుకు ఇప్పటి కోపం. "వాడి ప్రాణం ఎక్కడ దాచాడో చెప్పకుండా ఆపేస్తే అన్నమెలా దిగుతుందయ్యా?" అని అరిచాడు. బసవపున్నయ్య మాయావైద్యుడి తప్పేమీ లేదని అరగంట వాదించాడు. ప్రమీలారాణి పుస్తకం తిరిగివ్వలేదు. చిలకను చేసే మంత్రం ఏ పేజీలో ఉందో చెప్పమని కబురు పంపింది.

నెలాఖరు రోజు వచ్చింది. యాభయ్యో మనిషి దొరకలేదు. సంసోను నవలలను గోనెసంచుల్లో కడుతున్నాడు. ఏడుపూ కోపమూ ఒకేసారి వస్తున్నాయి. అప్పుడు సర్పంచి పిచ్చయ్య చేతికర్ర నేలకేసి కొడుతూ లోపలికి వచ్చాడు.

"మా పంచాయతీ కాగితం కింద ఊరోళ్ల మీద రాసింది నువ్వేనా?"

"మీ మీద ఒక్క ముక్క రాయలేదయ్యా. ఒట్టు."

"గదే అడుగుతున్న. రావుగారున్నడు, సూదులేసేటోడున్నడు, పంతులమ్మ ఉన్నది. ఇరవై ఏండ్ల సంది సర్పంచును, నేనేం పాపం జేసిన?"

సంసోనుకు మంట నెత్తికెక్కింది. అడిగిన ప్రతిసారీ "చూద్దాం" అంటూ పదకొండేళ్ళుగా ఈ గది చూరు బాగుచేయించని మనిషి ఇతనే. సంచి విప్పి ఒక నవల పైకి తీశాడు. పళ్ళు కొరుకుతూ వెళ్ళి దాని కథ బోర్డు మీద రాశాడు: "ఒక్క పనీ చేయకుండా వందేళ్ళు ఏలిన రాజు."

పిచ్చయ్య దాన్ని రెండుసార్లు చదివాడు. యాభయ్యో కార్డు మీద సంతకం పెట్టి, "వందేళ్ళు" అన్న మాట ఇంకాస్త పెద్దగా రాయమన్నాడు.