కుర్చీలో కోటు

ఒంటి మీద ఒక కోటుండగా చేతి మీద ఇంకో కోటు వేసుకుని మొగుడు గుమ్మం దాటబోతుంటే భార్యకు అనుమానం వచ్చింది.

"ఆ రెండోది ఎవరికండీ?"

"నా కుర్చీకి!" అన్నాడు సలహాదారు గర్వంగా.

ఆయన పనిచేసేది ఓ పెద్ద కన్సల్టింగ్ కంపెనీలో. ఊరందరి వ్యాపారాలూ చక్కదిద్దుతాడు గానీ వేళకు ఇల్లు చేరడం మాత్రం చేతకాదు. ఆయన తప్పేం లేదు పాపం. ఆ ఆఫీసులో ఎంత పని చేశావని ఎవరూ అడగరు, ఎంతసేపు కూర్చున్నావన్నదే లెక్క. గదిలో బాసుగారి కోటు కుర్చీకి వేలాడుతున్నంతసేపూ ఒక్క ప్రాణీ కదలదు.

ఇవాళ కదలక తప్పదు. సాయంత్రం బడిలో కూతురి నాటకం. రాజుగారి ద్వారపాలకుడి వేషం, ఒకటే మాట: "తలుపులు తీయండి!" పోయినసారి నాన్న తెర పడ్డాక ఊడిపడ్డాడు. అందుకే పిల్ల ముందే తేల్చేసింది.

"నీ కుర్చీ ఖాళీగా ఉంటే నేను నోరు విప్పను నాన్నా. అంతే!"

సాయంత్రం కాగానే ఆయన రెండో కోటు కుర్చీకి తగిలించి, ల్యాప్‌టాప్ తెరిచి, పక్కన పొగలు కక్కే టీ పెట్టి, మెట్లదారిన జారుకున్నాడు. బడికి చేరి కూర్చోగానే హాల్లో దీపాలు ఆరాయి. సరిగ్గా అప్పుడే ఆఫీసులో పక్క సీటు మిత్రుడి ఫోను.

"ఎక్కడ చచ్చావురా? నీ కోటుంది, నువ్వు లేవు. బాసు కోటుంది, బాసూ లేడు! ఇద్దరూ రహస్య మీటింగులో ఉన్నారని ఇక్కడంతా అట్టుడికిపోతోంది."

"మీటింగా? నా మొహం!"

"రహస్యమంటే క్లయింటు కొంప మునిగినట్టేగా! లాయర్లు కూడా దిగారు. ఎవడో తెలివైనవాడు క్లయింటుకే ఫోన్ చేసి, ఏం భయం లేదని ధైర్యం చెప్పాడు. దాంతో క్లయింటుకి గుండె జారి, వాళ్ళ ఆఫీసు మొత్తం ఇక్కడికి బయల్దేరింది!"

ఉద్యోగం ఊడినట్టే. సలహాదారు గబుక్కున లేచాడు. అప్పుడే వేదిక మీదకు వచ్చిన ద్వారపాలకుడు, లేచిపోతున్న నాన్నను చూశాడు. నోరు బిగించాడు. రాజుగారు దగ్గారు. మంత్రి గిల్లాడు. ఊహూఁ.

చీకట్లో పక్కనున్న పెద్దమనిషి చెయ్యి పట్టి లాగాడు.

"కూర్చోవయ్యా బాబూ! నువ్వు కూర్చుంటే గానీ ఆ పిల్ల తలుపు తీయించదు, తలుపు తీస్తే గానీ మావాడు లోపలికి రాడు. మావాడు గుర్రం!"

రోజూ ఆఫీసులో వింటూ వణికే గొంతు అది. సలహాదారు చతికిలబడ్డాడు. కూతురి మొహం వెలిగిపోయింది.

"తలుపులు తీయండి!" అని హాలు దద్దరిల్లేలా అరిచింది. గుర్రం సకిలిస్తూ వచ్చింది. నాన్నకు కళ్ళు చెమర్చాయి.

చప్పట్లు సద్దుమణిగాక నెమ్మదిగా అడిగాడు, "సార్... మీ కోటు?"

"కుర్చీకుంది. నీది?"

"నాదీ కుర్చీకే సార్."

బాసు వెంటనే ఆఫీసుకు ఫోన్ చేశాడు. "మీటింగ్ అయిపోయింది. ప్రమాదం తప్పింది. అందరూ ఇళ్ళకి పొండి."

ఇలాంటి సంగతులు దాగుతాయా? మర్నాడు సాయంత్రానికి ఆఫీసంతా ఖాళీ. ప్రతి కుర్చీలోనూ ఒక కోటు మాత్రం ఒళ్ళు వంచి పనిచేస్తోంది.