టపాకాయకు బెదరని కుక్కపిల్ల

ఆ ఉదయం భీమశంకరం గారు పెట్టుకున్న పని ఒక్కటే: తాడేపల్లిగూడెం వెళ్లి, గుండె ధైర్యం గల కుక్కపిల్లను తెచ్చుకోవడం. కొల్లేటి పక్కన ఆయనకు చేపల చెరువుంది. పక్షులు బంతి భోజనానికి వచ్చినట్టు వచ్చి వాలుతున్నాయి. వాటిని తోలడానికి టపాకాయ పేలిస్తే, వాటికన్నా ముందు కాపలా కుక్కే పారిపోతోంది. తెచ్చిన కుక్కలన్నీ అలా పక్కూరు గుండుగొలను దాటిపోవడంతో, ఎండలో గట్టు మీద కూర్చునే ఉద్యోగం పాపం ఆయనకే పడింది.

అందుకే కుక్కలు పెంచి అమ్మే హేమంత్‌కుమార్ పెరట్లో, ఎవరికీ చెప్పకుండా, జేబులోంచి టపాకాయ తీసి పేల్చారు. కుక్కపిల్లలన్నీ మంచం కింద దూరాయి. హేమంత్‌కుమార్ కూడా దూరాడు. నల్లమచ్చల డాల్మేషియన్ పిల్ల ఒకటి మాత్రం ఆవులించి, అటు తిరిగి పడుకుంది.

"అదండీ గుండె అంటే!" అన్నారు భీమశంకరం గారు.

"వంశమే అంతండీ. దీని తల్లీ, అమ్మమ్మా కూడా ఎవరు పిలిచినా తల తిప్పవు. రాజసం!" అన్నాడు హేమంత్‌కుమార్ మంచం కింద నుంచే.

ఇంటికొచ్చాక ఆ రాజసం ముదిరింది. "విక్రమ్!" అని ఎంత పిలిచినా పలకదు. ఫోన్ చేస్తే హేమంత్‌కుమార్, "మా దగ్గరంతా ఇంగ్లీషేనండీ" అన్నాడు. దాంతో ఇంట్లో ఇంగ్లీషు మొదలైంది. ఇల్లాలు వెంకటలక్ష్మి గారు "కమ్ అండీ, సిట్ అండీ" అని బతిమాలేవారు. భీమశంకరం గారు గొంతు చించుకునేవారు.

ఆ కేకలు విని పక్కింటి చంద్రావతి గారు, ఆయనకు చెవులు పోయాయని తేల్చేశారు. వెంటనే ఉంగుటూరులో ఉన్న ఆయన బావమరిది కృష్ణమోహన్‌కి కబురందించారు. అతను కారేసుకుని వచ్చి, వాకిట్లోంచే అరిచాడు.

"బావగారూ! ఎప్పట్నుంచండీ?"

"ఎందుకయ్యా అలా అరుస్తావ్?"

"చూశావా అక్కా, ఒప్పుకోవడం లేదు!"

ఆయన ఎంత మొత్తుకున్నా వినకుండా ఏలూరులో చెవుల డాక్టరు దగ్గరికి లాక్కుపోయాడు. విక్రమ్‌ని ఒంటరిగా వదల్లేక వెంకటలక్ష్మి గారు ఒళ్లో పెట్టుకొచ్చారు. డాక్టరు పరీక్ష చేసి, "మీ చెవులు భేషుగ్గా ఉన్నాయండీ" అంటుండగా నర్సు చేతిలోని స్టీలు ట్రే జారిపడింది. గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు. విక్రమ్ గురక మానలేదు. డాక్టరు దాని చెవి దగ్గర గట్టిగా చప్పట్లు కొట్టి చూశారు.

"పేషెంటును మార్చి చూపించారండీ" అన్నారు.

పశువుల డాక్టరూ అదే ఖాయం చేశారు. పుట్టు చెవుడు, తల్లి వైపు నుంచి వచ్చింది, మందు లేదు. ఫోన్లో హేమంత్‌కుమార్ గొంతు బాగా తగ్గింది. "రాజసం అనుకున్నామండీ... తెచ్చేయండి, వేరే పిల్లనిస్తాను."

భీమశంకరం గారి మొహం మాత్రం వెలిగిపోయింది. "వేరేదెందుకు? టపాకాయకు బెదరదు, నాక్కావలసింది ఇదే! రేపే గట్టు మీదికి!"

"అదెక్కడికీ రాదండీ" అన్నారు వెంకటలక్ష్మి గారు.

"ఏం?"

"వినపడదు కదా, నేను మాట్లాడుతుంటే పాపం నా మొహంలోకే చూస్తూ కూర్చుంటుంది. మీకు చెవులు భేషుగ్గా ఉన్నాయిట. మీరెప్పుడైనా చూశారా?"

ఆ మాట ఆయనకు గట్టిగానే తగిలింది. చెప్పులేసుకుని చెరువు దారి పట్టారు.

ఇప్పుడు గట్టు మీద కాపలా భీమశంకరం గారిదే. ఇంటి నుంచి భోజనం క్యారేజీ రోజూ వస్తోంది, విక్రమ్ తిన్నాక.